ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోట పట్టిన చేపలు: కడిగి, మరిగించి వండితే విషం పోతుందా?

వేకువ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదవండి. మా ఆవిడకి ఇప్పుడు మూడో నెల. ఇంట్లో వారానికి రెండు మూడుసార్లయినా చేపలు వండుకుంటాం. చేపలు మానొద్దు, బిడ్డ మెదడుకి మంచివి అని డాక్టరు గారు కూడా చెప్పారు. కానీ మాకు చేపలు తెచ్చిచ్చేది మా బంధువు ఒకాయన, సెలవు దొరికితే గాలం పట్టుకుని వెళ్లే మనిషి. ఆయన పట్టే చోటుకి కొంచెం ఎగువనే రసాయనాల ఫ్యాక్టరీలు ఉన్నాయని, వాటి కాలువ వచ్చి కలిసేది సరిగ్గా అక్కడేనని నాకు పోయిన వారమే తెలిసింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఇంట్లో తలా ఒక మాట. ఉప్పు నీళ్లలో గంటసేపు నానబెట్టి కడిగితే అంతా పోతుందని అత్తయ్య అంటున్నారు. బాగా మరిగిస్తే ఏ విషమూ నిలవదని నాన్న. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, నీచు వాసన తప్ప వేరే వాసన లేదు, ఇంత తాజా చేపకి భయమేంటని తెచ్చిచ్చినాయన. వీళ్లలో ఎవరు చెప్పింది నిజం? చిన్న చేపలు నయమా, పెద్దవా? పెంచిన చేపలైతే పర్వాలేదా? అసలు ఈ తొమ్మిది నెలలూ చేప అనేదే మానేస్తే గొడవ వదిలిపోతుందా? ఇప్పటికే తినేసిన దాని సంగతేంటి? ఈ ఆఖరి ప్రశ్నే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ల్యాబ్‌బల్ల

వేకువ గారూ, ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను, చేప కండలో పాదరసం కొలవడం నా రోజువారీ పనుల్లో ఒకటి. మీ ఇంట్లో వాళ్లు చెప్పినవి తప్పుడు మాటలు కావు, కాకపోతే అవి వేరే జబ్బుకి మందు. కడగడం, మరిగించడం, మొప్పలు చూడడం ఇవన్నీ చేప పాడైందా, అందులో సూక్ష్మజీవులు ఉన్నాయా అన్నదానికి పనికొస్తాయి. పాదరసం ప్రాణి కాదు కదా, మరిగిస్తే చావడానికి. అది మూలకం. పొయ్యి మీద ఎంతసేపు పెట్టినా మెత్తని కండలోనే ఉంటుంది. పైగా వేయిస్తే చేపలో నీరు ఇగిరిపోతుంది, పాదరసం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి గ్రాముకి లెక్కేస్తే వండిన ముక్కలోనే కాస్త ఎక్కువ కనిపిస్తుంది.

అసలు అడగాల్సింది ఆ విషం చేప ఒంట్లో ఎక్కడ చేరిందని. అన్నీ ఒకే చోట ఉండవు, అందుకే ఒకదానికి పనిచేసిన జాగ్రత్త ఇంకోదానికి పనిచేయదు. పాదరసం సంగతి చూడండి. కాలువలోంచో, బొగ్గు మండించిన పొగలోంచో నీళ్లలోకి వచ్చి అడుగున బురదలో చేరుతుంది. గాలి ఆడని ఆ బురదలో కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. ఆ రూపం మాంసకృత్తులకి గట్టిగా అతుక్కుంటుంది. నీటి నాచు నుంచి చిన్న పురుగుకి, పురుగు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి పోతూ ప్రతి మెట్టు మీదా చిక్కబడుతుంది. చివరికి వేటాడి బతికే పెద్ద చేప కండలో ఉన్నది చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే లక్షల రెట్లు దాటుతుంది. అంటే నీళ్లు పరీక్ష చేస్తే పరికరానికి అందనంత తక్కువ చూపించి, అదే నీళ్లలో పెరిగిన చేప మాత్రం పరిమితి దాటేయొచ్చు. "నీళ్లు బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చింది" అని ఎవరైనా అంటే చేప రిపోర్టు ఏదని అడగండి.

పాదరసం కండలో ఉంటుంది కాబట్టి తోలు తీసినా, కొవ్వు కోసేసినా లాభం లేదు. పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన రసాయనాలు), డయాక్సిన్ల (చెత్త, ప్లాస్టిక్ లాంటివి కాల్చినప్పుడు పుట్టే విషాలు) దారి వేరే. అవి కొవ్వులో కరిగి కూర్చుంటాయి. తోలు, పొట్ట దగ్గరి మెత్తని భాగం, వీపు మీది కొవ్వు, పక్కన చారలా ఉండే ముదురు రంగు కండ, కాలేయం, ఇవీ వాటి చోట్లు. ఇవి తీసేసి, కొవ్వు కారిపోయేలా నిప్పుల మీద కాల్చి, కారినదాన్ని పారేస్తే గణనీయంగా తగ్గుతాయి, పూర్తిగా పోవు. నాన్‌స్టిక్ పూతల్లో, మంటలార్పే నురగల్లో వాడిన పీఎఫ్ఏఎస్ రసాయనాలు మళ్లీ మాంసకృత్తులకి, రక్తానికి, కాలేయానికి అంటుకునే రకం, కొవ్వు తీసేస్తే అవి పోవు. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో ఎక్కువ. పీత డొప్పలో ఉండే గోధుమరంగు మెత్తని భాగం, స్క్విడ్ లోపలి భాగాలు ఈ లెక్కలోకే వస్తాయి. సీసం ఎముకల్లో చేరుతుంది. ఒకవేళ ఎప్పుడైనా సముద్రపు చేప రిపోర్టులో ఆర్సెనిక్ అంకె పెద్దగా కనిపిస్తే దానికి మాత్రం ఉలిక్కిపడకండి, అందులో ఎక్కువ భాగం ఆర్సెనోబీటైన్ అనే రూపం, అది ఒంట్లో నిలవకుండా మూత్రంలో పోతుంది.

ఇక మీ బంధువు తెచ్చే చేపలు ఈరోజు నుంచే ఆపేయండి, మీ ఆవిడకైతే ముందు. రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన విషయం కాదిది.

తొలిపొద్దు

నేనైతే ఒకటే చెప్తాను తమ్ముడూ, మానేయండి. మా పాప కడుపులో ఉన్నప్పుడు నేను చేప ముట్టలేదు. ఏ చేప ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవాళ్లకే తెలియదు, మనకెలా తెలుస్తుంది? తొమ్మిది నెలలు నోరు కట్టుకుంటే పోయేదేం లేదు. బిడ్డ విషయంలో పొరపాటు జరిగితే దిద్దుకోలేం కదా.

లెక్కలపుస్తకం

తొలిపొద్దు గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ సలహాతో నేను ఏకీభవించలేను. పోయేది ఉంది. కడుపులో బిడ్డ మెదడు, కళ్లు తయారవడానికి కావాల్సిన డీహెచ్ఏ అనే కొవ్వు చేపల్లో దొరికినంత సులువుగా వేరేచోట దొరకదు, అయోడిన్, సెలీనియం కూడా వాటితోపాటే వస్తాయి. అసలు చేపే తినని తల్లులతో పోలిస్తే తక్కువ పాదరసం ఉన్న చేపలు తిన్న తల్లుల పిల్లలకే మేలని చాలా పరిశోధనలు చెప్పాయి.

రెండు దీవుల కథ చెప్తాను. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1986, 87ల్లో పుట్టిన పిల్లల్ని ఏడేళ్ల వయసులో పరీక్షించినప్పుడు, కడుపులో ఉండగా పాదరసం ఎక్కువ తగిలిన వాళ్లకి మాటలో, ఏకాగ్రతలో, జ్ఞాపకశక్తిలో తేడా కనిపించింది. అక్కడ పాదరసం ఎక్కువగా వచ్చింది పైలట్ తిమింగలం మాంసం నుంచి, దాని కొవ్వులో పీసీబీలు కూడా ఉంటాయి. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్‌లో గర్భిణులు దాదాపు రోజూ, కొన్నిసార్లు రోజుకి రెండుపూటలా సముద్రపు చేపలు తినేవాళ్లు, వాళ్ల పిల్లల్లో అలాంటి నష్టం స్పష్టంగా కనపడలేదు. ఈ రెండింటి మీదా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నాకు అర్థమైనది ఏంటంటే, చేపతో పాదరసం ఒక్కటే రాదు, మేలు చేసేవీ వస్తాయి, ఏది ఎంత వస్తుందన్నది మనం ఎంచుకునే చేపని బట్టి ఉంటుంది.

అంకెలు చూస్తే భయం చాలావరకు దారిలో పడుతుంది. ఆహార సంకలితాల మీద పనిచేసే ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), డబ్ల్యూహెచ్ఓల (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఉమ్మడి నిపుణుల కమిటీ మిథైల్ మెర్క్యురీకి పెట్టిన హద్దు వారానికి కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాములు, అది పిండాన్ని దృష్టిలో పెట్టుకునే పెట్టారు. యూరప్ వాళ్లది ఇంకా గట్టిది, 1.3. మీ ఆవిడ బరువు 55 కిలోలు అనుకుందాం. మొదటి లెక్కన వారానికి 88, రెండో లెక్కన సుమారు 71 మైక్రోగ్రాములు. ఇప్పుడు 150 గ్రాముల చేప తీసుకోండి. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొలిచిన సగటుల ప్రకారం సార్డైన్ అనే చిన్న సముద్రపు చేపలో పాదరసం 0.013 పీపీఎం (పీపీఎం అంటే గ్రాముకి ఒక మైక్రోగ్రాము), అంటే మీ ప్లేటులోకి వచ్చేది 2 మైక్రోగ్రాములు. సాల్మన్ 0.022, సుమారు 3. డబ్బాలో వచ్చే లైట్ ట్యూనా 0.126, దగ్గర దగ్గర 19. అదే డబ్బాలో ఆల్బకోర్ రకమైతే 0.35, అంటే 52. కత్తిలాంటి ముక్కున్న పెద్ద వేట చేప స్వోర్డ్ ఫిష్ 0.995, ఒక్క పూటకే 149, వారం మొత్తం హద్దు దాటిపోయింది. సొర కూడా దాదాపు అంతే, 0.979. సార్డైన్‌కీ సొరకీ తేడా డెబ్బై రెట్లు పైన! అందుకే "చేప మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేం, ఏ చేప అని అడిగితేనే చెప్పగలం.

గర్భిణులు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తక్కువ పాదరసం చేపలు తినొచ్చని అమెరికా వాళ్ల సలహా. సొర, స్వోర్డ్ ఫిష్, మార్లిన్, కింగ్ మాకెరెల్, బిగ్‌ఐ ట్యూనా లాంటివి పూర్తిగా వద్దంటారు. త్వరగా పెరిగి, తక్కువ కాలం బతికి, నాచునో పురుగునో తినే చిన్న చేపలు నయం. ఏళ్ల తరబడి బతికి వేరే చేపల్ని తినే పెద్ద చేపలు వద్దు.

వేకువ

ఈ లెక్క చూశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను, ఇద్దరం కూర్చుని చదివాం. మరి మా బంధువు పట్టేవాటిలో చిన్నవి మాత్రం తీసుకుంటే సరిపోతుందా?

లెక్కలపుస్తకం

లేదండీ, ఇది ముందే చెప్పాల్సింది. నేనిచ్చిన అంకెలు మార్కెట్లో దొరికే చేపల సగటులు. ఫ్యాక్టరీ కాలువ కింద పట్టిన చేపకి అవి వర్తించవు. అక్కడ చిన్న చేపలో కూడా ఏముందో కొలిచి చూస్తే తప్ప తెలియదు.

గాలంకర్ర

వేకువ గారూ, మీ బంధువు లాంటి వాణ్నే నేను. ఫ్యాక్టరీల దిగువన ఏడెనిమిదేళ్లు చేపలు పట్టాను, పట్టినవి ఇంట్లో పిల్లలకి పెట్టాను, ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. ఒక వేసవిలో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి, అందరం హడలిపోయి నెల రోజులు అటు వెళ్లలేదు. మళ్లీ చేపలు ఎగురుతూ కనిపించగానే నీళ్లు బాగుపడ్డాయనుకుని గాలం వేశాం. నేను తప్పు చేసింది సరిగ్గా అక్కడ. చచ్చి తేలాయంటే ఆ రోజు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి ఉండొచ్చు, ఒక్కసారిగా యాసిడ్ లాంటిదేదో వదిలి ఉండొచ్చు, అది కంటికి కనిపించే ప్రమాదం. కండలోకి మెల్లగా చేరే విషం చేపని చంపదు. చేప బలంగా ఉంటుంది, గాలాన్ని గట్టిగా లాగుతుంది, రుచిలో తేడా ఉండదు. కిరోసిన్ వాసనో, ఫినాయిల్ లాంటి వాసనో వస్తే అది నూనె, ఫినాల్ లాంటివి చేరిన గుర్తు, కానీ వాసన లేనంత మాత్రాన ఏమీ లేదని కాదు.

చివరికి ఇద్దరు ముగ్గురం డబ్బులు వేసుకుని రెండు చేపలు టెస్టుకి ఇచ్చాం. చిన్నది హద్దులోపే వచ్చింది, వేటాడి తినే పెద్దది పాదరసంలో దాటేసింది. ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే మా నీళ్లు శుద్ధి చేసే వదులుతున్నాం అన్నారు. నిజమే కావచ్చు కూడా, ఇప్పుడు వదిలేవి శుభ్రంగానే ఉండొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ల కింద వదిలింది అడుగు బురదలో ఉంటే? అమెరికాలో హడ్సన్ నది సంగతి చదివాక నాకు ఈ విషయం బాగా ఎక్కింది. 1947 నుంచి 1977 దాకా జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలు రెండు ఆ నదిలోకి పీసీబీలు వదిలాయి, 13 లక్షల పౌండ్ల దాకా అంటారు. 1976లో ఎగువ భాగంలో చేపలు పట్టడమే నిషేధించారు. బురద తవ్వి తీయడం 2009లో మొదలుపెట్టి 2015లో ఆపారు. ఇంత చేసినా ఆ నది చేపలు ఎవరు తినొచ్చు, ఎంత తినొచ్చు అన్న హెచ్చరికలు ఇప్పటికీ ఉన్నాయి. కాలువ మూసేసిన తేదీ వేరు, చేప శుభ్రపడే తేదీ వేరు.

మీ బంధువుకి నచ్చచెప్పేటప్పుడు మాత్రం కొంచెం నెమ్మదిగా చెప్పండి. ప్రేమతో తెచ్చిచ్చే మనిషి, నువ్వు మాకు విషం పెట్టావు అన్నట్టు వినపడితే విరిగిపోతాడు.

తొలిపొద్దు

లెక్కలు చూశాను, నేను మరీ భయపడ్డానేమో. కానీ నా భయం ఊరికే రాలేదు, మినమాటా గురించి చదివిన రోజు నుంచీ ఉంది. జపాన్‌లో చిస్సో అనే కంపెనీ అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీలో వాడిన పాదరసం మినమాటా సముద్రపు పాయలోకి వెళ్లింది. ముందు పిల్లులు పిచ్చిగా తిరిగి, గంతులేసి చచ్చిపోయాయి. 1956 మే 1న ఆ కంపెనీ ఆసుపత్రి డాక్టరు హొసొకావా గారే, అంతుపట్టని నరాల జబ్బు వచ్చిందని ఆరోగ్య శాఖకి చెప్పారు. 1959లో ఆయన ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిపిన తిండి ఒక పిల్లికి పెట్టి చూస్తే దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి రానివ్వలేదు. ఆ ఏడాది డిసెంబరులో నీళ్లు శుద్ధి చేసే యంత్రం పెట్టామని వేడుక చేసి కంపెనీ అధ్యక్షుడు అందరి ముందూ గ్లాసుడు నీళ్లు తాగి చూపించాడు, కానీ ఆ యంత్రం పాదరసం తీసేయడానికి పెట్టింది కాదు. ఆ నీళ్లు వదలడం ఆగింది 1968లో. పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లూ ఎంతమంది తల్లులు పిల్లలకి ఆ చేపలే వండిపెట్టి ఉంటారు?

నన్ను ఇంకా వదలనిది, తల్లికి పెద్దగా ఏమీ కనిపించకపోయినా పుట్టిన బిడ్డకి జబ్బు తీవ్రంగా ఉండడం. కడుపులో బిడ్డని తల్లితో కలిపే మాయ (ప్లాసెంటా) విషాన్ని ఆపుతుందని అప్పటిదాకా డాక్టర్లు నమ్మేవాళ్లు. హరాదా మసాజుమి అనే డాక్టరు, అక్కడి కుటుంబాలు దాచుకున్న ఎండిన బొడ్డుతాళ్లు సేకరించి పరీక్షించి, వాటిలో మిథైల్ మెర్క్యురీ ఉందని చూపించారు. బిడ్డ గుర్తుగా దాచుకున్న బొడ్డుతాడే చివరికి సాక్ష్యం అయ్యింది. అది చదివాక చేప ముట్టాలంటే చెయ్యి రాలేదు నాకు.

ల్యాబ్‌బల్ల

తొలిపొద్దు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, వాటిని మర్చిపోకూడదు కూడా. పాదరసం మీద 2013లో దేశాలన్నీ కలిసి చేసుకున్న ఒప్పందానికి మినమాటా పేరు పెట్టింది అందుకే, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. కాకపోతే వేకువ గారి పరిస్థితి అదే అనుకోవద్దు. మినమాటా రోగుల జుట్టులో దొరికిన పాదరసం ఎక్కువలో ఎక్కువ 705 పీపీఎం. చేపలు మామూలుగా తినేవాళ్ల జుట్టులో సాధారణంగా ఒకటి, రెండు పీపీఎం చుట్టుపక్కల ఉంటుంది.

వేకువ గారూ, మీ ఆఖరి ప్రశ్నకి వస్తాను. మిథైల్ మెర్క్యురీ ఒంట్లో శాశ్వతంగా ఉండిపోదు. సుమారు 50 రోజులకి సగమవుతుంది, కొందరిలో ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఇవాళ ఆపితే దాదాపు ఐదు నెలల్లో ఎనిమిదో వంతుకి దిగుతుంది. మీరు మూడో నెలలోనే తెలుసుకున్నారు, మెదడు ఎదిగే కాలం ఇంకా చాలా ముందుంది. అయినా సందేహం మోస్తూ కూర్చోవద్దు, డాక్టరు గారికి ఫ్యాక్టరీ కాలువ సంగతి దాచకుండా చెప్పి రక్తంలో పాదరసం, సీసం చూడమని అడగండి. జుట్టు పరీక్ష కూడా ఉంది, జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఏ నెలలో ఎంత చేరిందో కూడా చెప్పగలదు. ఒంట్లో విషం లాగేస్తాయంటూ అమ్మే పొడులు, టానిక్కుల జోలికి మాత్రం వెళ్లకండి, గర్భిణికి అస్సలు వద్దు. పీసీబీలు, పీఎఫ్ఏఎస్ మాత్రం అంత త్వరగా పోవు, ఏళ్లు పడతాయి, అందుకే ఆ నీళ్ల చేప మీ ఇంట్లో ఎవరూ తినకపోవడమే మేలు.

పెంచిన చేపల గురించి అడిగారు. అవి తక్కువ కాలంలో పట్టేస్తారు కాబట్టి పాదరసం సాధారణంగా తక్కువే. కొవ్వులో చేరే రసాయనాలు మేతని బట్టి ఉంటాయి. 2004లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో పెంచిన సాల్మన్‌లో పీసీబీలు సముద్రంలో సహజంగా పెరిగిన సాల్మన్ కంటే ఎక్కువ వచ్చాయి, మేతలో చేపనూనె వాడడం దానికి కారణం. తర్వాత మేతలో మొక్కల నూనెలు పెరిగాయి, ఆ అంకెలూ తగ్గాయి. చెరువులోకి ఏ నీళ్లు వస్తున్నాయన్నది మాత్రం అడిగి తీరాలి. ఆల్చిప్పలు, మసెల్స్ నీళ్లు వడకట్టుకుని తినే జీవులు కాబట్టి నీళ్లలో ఉన్నదంతా పోగేస్తాయి. అమెరికాలో 1986 నుంచి తీరం వెంట కాలుష్యం కొలవడానికి వాటినే వాడుతున్నారు. కాలువల దగ్గర ఏరినవి తినకండి.

వేకువ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న రక్త పరీక్షకి ఇచ్చాం. అత్తయ్యకి లెక్కలపుస్తకం గారి అంకెలన్నీ చదివి వినిపిస్తే, ఇక నుంచి మార్కెట్లో చిన్న చేపలే తెమ్మన్నారు. బంధువుతో కూడా మాట్లాడాను, కాసేపు మౌనంగా ఉండి, మా పిల్లల సంగతేంట్రా మరి అన్నాడు. వాళ్లింట్లో ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లకి కూడా పరీక్ష చేయించమన్నాను. ఆయన ఫ్రీజర్లో ఇంకా రెండు చేపలు ఉన్నాయట, పారేసే ముందు టెస్టుకి ఇద్దామనుకుంటున్నాం. ఎలా ఇవ్వాలి?

ల్యాబ్‌బల్ల

పారేయొద్దు, అవి చాలా విలువైనవి. కరగనివ్వకుండా ఐసులో పెట్టి, కోయకుండా చేప మొత్తం ల్యాబ్‌కి ఇవ్వండి. కండ, కాలేయం విడివిడిగా పరీక్షించమని చెప్పండి. పాదరసం, కాడ్మియం, సీసం అడగండి, వీలైతే పీసీబీలు కూడా, వాటికి ఖర్చు ఎక్కువ. చేప రకం, పొడవు, బరువు, పట్టిన తేదీ, కాలువ కలిసే చోటుకి ఎంత దూరంలో పట్టారో ఒక కాగితం మీద రాసి కవరు మీద అంటించండి. ఆ వివరాలు లేకపోతే అంకె వస్తుంది కానీ దాన్ని పట్టుకుని ఎవర్నీ ఏమీ అడగలేరు. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, కూర్చుని చూద్దాం.